చీనాదేశమున విద్యార్థియైన వైద్యుడు: డాక్టరు కోట్నీసు

ఆర్మూరు ప్రాంతపు రైతులు పసుపును మంచి ధరకు అమ్ముకొనుటకై మహారాష్ట్రములోని సాంగ్లీ వరకు పోవుట మన విద్యార్థులు ఎరిగినదే. అచ్చట మరాఠీ భాష బొత్తిగా రానివానికి బేరమాడుట కష్టము. పసుపు బేరమునకే పరభాష యింత అవసరమైనప్పుడు, ప్రాణము నిలుపవలసిన వైద్యునికి రోగి భాష ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఈ సత్యమును గుర్తించి, వైద్యపట్టమును పొందిన పిమ్మట పరదేశమున మరల విద్యార్థియైన మహనీయుడు డాక్టరు ద్వారకానాథ్ శాంతారామ్ కోట్నీసు.

ఆయన 1910వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన షోలాపురమున జన్మించెను. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు మగ్గములు నిలుపుకొని వేలకొలదిగా నివసించు పట్టణమది. మన పాఠశాలలోని కొందరు పిల్లలకు సైతము అచ్చట బంధువులుండవచ్చును. కోట్నీసువారిది సామాన్యమైన పెద్ద కుటుంబము. ద్వారకానాథుడు బొంబాయిలోని సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ వైద్య కళాశాలలో చదివి పట్టభద్రుడయ్యెను. పై చదువు చదువవలెనని ఆయన కోరిక.

1937లో జపాను సైన్యములు చీనాపై దండెత్తెను. గాయపడినవారు అసంఖ్యాకులు, వైద్యులు అతి స్వల్పము. చీనా సేనానియగు ఝూ డే సహాయమునకై జవాహర్‌లాల్ నెహ్రూగారికి వ్రాసెను. అప్పటి కాంగ్రెసు అధ్యక్షులైన సుభాష్ చంద్ర బోసుగారు ప్రజలను విరాళములడిగిరి. అటల్, చోల్కర్, కోట్నీసు, బసు, ముఖర్జీ అను ఐదుగురు వైద్యులు ఎన్నుకొనబడి, 1938 సెప్టెంబరులో బొంబాయినుండి ఓడపై బయలుదేరిరి.

చీనాలో అడుగిడిన నాటినుండి వారికి క్రొత్త కష్టములు తోడయ్యెను. విమానములు బాంబులు కురిపించుచుండ ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవలసివచ్చెను. అన్నిటికంటెను పెద్ద అడ్డు భాష. రోగి తన బాధను చెప్పుకొనును. వైద్యునికి అర్థము కాదు. మధ్య దుబాసీ యుండవలసినదే. రాత్రివేళ దుబాసీ దగ్గర లేనిచో ఆ రోగి గతి యేమి?

చీనా భాష మనకు సులభముగా లొంగునది కాదు. మన తెలుగున హ్రస్వదీర్ఘముల భేదముచే పలు, పాలు అను మాటల అర్థము మారును. చీనాలో స్వరము ఎత్తుట దించుటలచే అర్థము మారును. మా యను ఒక్క శబ్దమే నాలుగు స్వరములలో తల్లి, జనుము వంటి నార మొక్క, గుఱ్ఱము, తిట్టుట అను నాలుగు అర్థములనిచ్చును. ఇక వ్రాతలో మనవలె అక్షరమాల లేదు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క గుర్తు. వార్తాపత్రికను చదువుటకు కొన్ని వేల గుర్తులను కంఠస్థము చేయవలెను. ఇరువది యెనిమిదేండ్ల వైద్యుడు పసిబాలునివలె దీనిని నేర్వ మొదలిడెను. చీనా స్నేహితులు ఆయనకు కె దిహ్వా యను పేరు పెట్టిరి. అందలి తుది మాటకు చీనా దేశమని అర్థము. ఆ మాటనే ఐదుగురు వైద్యుల పేర్లకును చేర్చిరి.

ఇంతలో ఇంటినుండి తండ్రి మరణవార్త వచ్చెను. తిరిగి పోవుటకు ఆయనకు అడ్డులేదు. తల్లియు, తోబుట్టువులును కన్నుల మెదలుచుండినను, చేపట్టిన పనిని విడువలేక ఆయన అచ్చటనే నిలిచెను. ఆ నిర్ణయమునకు ఆ కుటుంబము చెల్లించిన వెల సామాన్యమైనది కాదు.

1939 ఫిబ్రవరిలో వారు యేనాను పట్టణము చేరిరి. అచ్చటి ప్రజలు మట్టికొండలను తొలిచి గుహలలో కాపురముండెడివారు, ఆసుపత్రియు గుహలలోనే. కఠినమైన చలియును జొన్నకొఱ్ఱల భోజనమును ఆయనకు అలవాటయ్యెను. పిదప ఆయన ఉత్తర చీనా యుద్ధరంగమునకు పోయెను. ఒక పోరాటకాలమున 72 గంటలు ఎడతెగక శస్త్రచికిత్సలు చేసెనని చెప్పుదురు. 1941లో బెథ్యూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు ఆయన అధిపతి యయ్యెను. చీనావారికి సేవచేయుచు 1939లో మరణించిన కెనడా వైద్యుని పేర వెలసిన ఆసుపత్రి అది. అప్పటికి కోట్నీసుకు దుబాసీ అక్కరలేదు. రోగులతో వారి మాటలలోనే ముచ్చటించెను. శిష్యులకు వారి భాషలోనే పాఠములు చెప్పెను.

ఆ సంవత్సరమే గువో చింగ్‌లాన్ అను ఆమెను వివాహమాడెను. ఈ పరదేశీయుడు తమ భాషలో మాటలాడుట చూచి ఆమె మొదట ఆశ్చర్యపడెనట. 1942 ఆగస్టులో వారికి కుమారుడు కలిగెను. భారతమును చీనాను ఒక్క పేరున కలిపి ఇన్‌హ్వా అని పిలిచిరి. అప్పటికే కోట్నీసును మూర్ఛరోగము పీడించుచుండెను. విశ్రాంతి తీసికొనుమని తోడివారు ప్రార్థించినను వినక, శస్త్రవైద్యమును గూర్చి చీనా భాషలో పాఠ్యగ్రంథమును వ్రాయుచుండెను. అది పూర్తికాకమునుపే, 1942 డిసెంబరు 9వ తేదీన, తన 32వ యేట పరలోకగతుడయ్యెను. తక్కిన నలుగురు వైద్యులును స్వదేశమునకు చేరిరి. ఆయన మాత్రము రాలేదు. షిజియాజువాంగు నగరమున ఆయన సమాధియు, విగ్రహమును నేటికిని ఉన్నవి.

బాలబాలికలారా! మన జిల్లాలోనే డిచ్‌పల్లియందు 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానియు పరదేశమునుండి వచ్చినవారే. సహాయము చేయబోవువాడు తానే సర్వమును ఎరిగినవాడనని తలచిన, ఆ సహాయము రోగి గడపకు ఇవతలనే నిలిచిపోవును. కోట్నీసు వైద్యుడై వెళ్ళి, మొదట విద్యార్థియై కూర్చుండెను. మీరును రేపు ఏ దేశమునకు, ఏ పనికై పోయినను, మొదట అచ్చటివారి మాటను వినయముతో నేర్చుకొనుడు. తరువాతనే వారికి మేలు చేయగలరు.