గిటారుకు గొంతునిచ్చిన చార్లీ క్రిస్టియన్

జాజ్ బృందాలలో ఇత్తడి వాద్యాల హోరుకు గిటారు నాదం అణగిపోయిన కాలమది. 1916లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించిన చార్లీ క్రిస్టియన్, ఓక్లహోమా నగరంలో పెరిగాడు. చూపు కోల్పోయిన తండ్రి వీధులలో వాద్యం వాయించి సంసారం నడిపేవాడు. ఆ వీధులే బాలునికి తొలి సంగీత పాఠశాల.

1936లో గిబ్సన్ సంస్థ ఇ.ఎస్.-150 అనే విద్యుత్ గిటారును వెలువరించింది. మన వీణ కుండవలె దాని దేహం లోపల బోలుగా ఉంటుంది. తీగల క్రింది అయస్కాంతమూ, రాగితీగ చుట్టా కలిసి కంపనాన్ని విద్యుత్తుగా మార్చి ధ్వనివర్ధకానికి అందిస్తాయి. క్రిస్టియన్ ఆ వాద్యాన్ని ఎన్నుకొన్నాడు. కేవలం బిగ్గరగా వాయించడానికి కాదు. శాక్సఫోన్ వలె స్వరమాలలల్లి, లయకు తోడుగా వెనుక కూర్చున్న గిటారును ముందు వరుసకు తెచ్చాడు.

1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. తెల్లవారు, నల్లవారు ఒకే వేదికపై వాయించడం అరుదైన రోజులవి. కీర్తి వచ్చిన మూడేండ్లలోపే, 1942 మార్చి 2న, క్షయవ్యాధి అతనిని బలిగొన్నది. అప్పటికి వయస్సు 25. ఆ గిటారులోని అయస్కాంత పరికరాన్ని నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు.

విద్యార్థి మిత్రులారా! ఆ గిటారు అంగడిలో అందరికీ దొరికింది. దానిచేత పలికించిన సాధన మాత్రం అతనిది.