చే గువేరా: ఉబ్బసంతో ఎదిగిన కుర్రాడికి ఇల్లు ఎలా తోడైంది?

1959 జూన్ 30న క్యూబా ప్రతినిధి బృందంతో దిల్లీ చేరిన ఎర్నెస్టో చే గువేరా చాణక్యపురిలోని అశోకా హోటల్‌లో బస చేశారు. నేటి ఆర్.కె. పురానికి అది ఎంతో దూరం కాదు. మరునాడు ప్రధాని నెహ్రూను కలిశారు. ఆకాశవాణి కోసం కె.పి. భానుమతి ఆయనను ఇంటర్వ్యూ చేశారు. అప్పటికి ఆయన వయస్సు 31 ఏళ్లు. అందులో 29 ఏళ్లు ఉబ్బసంతోనే గడిచాయి.

1928లో అర్జెంటీనాలోని రొసారియోలో జన్మించిన ఎర్నెస్టోకు రెండేళ్లు నిండకముందే, 1930 మే నెలలో, తల్లి సెలియాతో ఈతకు వెళ్లి వచ్చాక తొలిసారి ఊపిరి ఆడలేదు. పడుకుంటే ఆయాసం పెరిగేది. తండ్రి మంచంపై కూర్చుని, బిడ్డను గుండెలపై ఆనించుకుని రాత్రులు గడిపేవారు. వైద్యుల సలహాపై కుటుంబం పొడిగాలి వీచే కొండ ఊరు ఆల్టా గ్రాసియాకు తరలిపోయింది.

అక్కడ తల్లిదండ్రులు ప్రతిరోజూ వివరాలు రాసుకునేవారు: బిడ్డ ఏం తిన్నాడు, ఏ బట్టలు వేసుకున్నాడు, గాలిలో తేమ ఎంత ఉంది. బడికి వెళ్లలేని రోజుల్లో తల్లే చదువు చెప్పేది. మంచానపడిన రోజులు పుస్తకాలతో గడిచేవి. అసలు పేచీ ఆటల దగ్గర వచ్చింది. తండ్రికి భయం. వీలైనంత వరకు బిడ్డ అందరిలాగే పెరగాలన్నది తల్లి పట్టుదల. కొన్నిసార్లు స్నేహితులు అతణ్ని ఇంటికి మోసుకొచ్చినా ఆమె తలుపులు మూయలేదు. తండ్రి భయమూ అకారణమైనది కాదు.

కోర్దోబాలో చదివే వయస్సులో ఎర్నెస్టో రగ్బీ ఆడతానన్నాడు. తనకంటే ఆరేళ్లు పెద్దవాడైన ఆల్బెర్తో గ్రనాదో తన జట్టులో చోటిచ్చారు. ఆట మధ్యలో గీత దగ్గరికి పరుగెత్తుకొచ్చి, ఇన్‌హేలర్ పీల్చి, మళ్లీ మైదానంలోకి వెళ్లేవాడు. నలుగురి ఎదుట మందు పీల్చడానికి సిగ్గుపడే వయస్సది. జట్టు దాన్ని మామూలు విషయంగా తీసుకోవడం చిన్న సాయం కాదు.

అయితే నాడు దాడి మొదలయ్యాక ఉపశమనం ఇచ్చే మందులే ప్రధానంగా ఉండేవి. శ్వాసనాళాల వాపును అదుపులో ఉంచే స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు 1970లలో గానీ రాలేదు. చలికాలపు దిల్లీ పొగమంచులో చదువుకునే ఆర్.కె. పురం విద్యార్థికి ఇవాళ ఆ అవకాశం ఉంది. బాగున్న రోజుల్లోనూ వైద్యులు చెప్పిన నివారణ మందు మానకపోవడం, ఉపశమన ఇన్‌హేలర్ బడి సంచిలో ఉండటం, దాడి వస్తే ఏం చేయాలో ఉపాధ్యాయులకు తెలియడం ముఖ్యం. గాలి మరీ చెడిన రోజున ఆట ఇంటి లోపలికి మారవచ్చు. ఆట మానాల్సిన పని లేదు.

ఎర్నెస్టో బ్యూనస్ ఎయిర్స్‌లో వైద్యం చదివి, అలర్జీ నిపుణుడు సాల్వడోర్ పిసానీ వద్ద పనిచేసి, 1953లో పట్టా పొందారు. తరువాతి రాజకీయ జీవితంపై వాదాలు నేటికీ ముగియలేదు. ఉబ్బసం మాత్రం ఆయనను విడవలేదు. 1967 జులైలో బొలీవియాలోని సమైపాతా పట్టణంపై ఆయన దళం దాడి చేసినప్పుడు వెతికిన వాటిలో ఉబ్బసం మందులూ ఉన్నాయి. అవి దొరకలేదు. ఆగస్టులో, అడవిలో దాచుకున్న మందులు కూడా సైన్యం చేతికి చిక్కాయి. అక్టోబరు 9న లా హిగేరాలో సైనికులు ఆయనను కాల్చి చంపారు.