మువ్వగోపాలుని పదకర్త క్షేత్రయ్య

తెలుగు పదకవిత్వంలో క్షేత్రయ్యది పెద్దపీట. ఆయన పదిహేడవ శతాబ్దం వాడు. కృష్ణా జిల్లాలో కూచిపూడికి దాపున ఉన్న మొవ్వ ఆయన ఊరు. ఆ ఊరి వేణుగోపాలస్వామి పేరే 'మువ్వగోపాల' అనే ముద్రగా ఆయన పదాలలో నిలిచింది. అసలు పేరు వరదయ్య అనీ, అనేక క్షేత్రాలు సేవించడంవల్ల క్షేత్రయ్య అనే పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు.

ఆయన పుట్టిన ఊళ్లోనే ఉండిపోలేదు. మధురలో తిరుమల నాయకుడు, తంజావూరులో విజయరాఘవ నాయకుడు, గోలకొండలో అబ్దుల్లా కుతుబ్ షా ఆయనను ఆదరించారు. అరవదేశపు కొలువులలోనూ, పాదుషా కొలువులోనూ కూడా తెలుగు పాటకు మన్నన దక్కిన కాలమది.

పదమంటే నాయిక మనసు విప్పి చెప్పే శృంగారగీతం. అలక, ఎదురుచూపు, ఎత్తిపొడుపు అన్నీ అందులో ఉంటాయి. నాయకుడు గోపాలుడే అయినా మాటలు మాత్రం ఇళ్లలో వినబడే మాటలే. నిదానంగా, చాలాసార్లు అనుపల్లవి ముందు ఎత్తుకొని పాడతారు. అభినయించే ఆమె ఒక్క పంక్తికే పలు భావాలు చూపుతుంది.

అంతకు నూరేళ్ల ముందు ఫ్రాన్సు దేశంలోనూ షాన్సన్ అనే ప్రేమగీతాలు వెలిశాయి. వాటిని మూడు నాలుగు గొంతులు వేర్వేరు వరుసలలో ఒకేసారి పాడేవి. 1558లో మరణించిన క్లెమాన్ జానెకాన్ పక్షుల కూతలను, యుద్ధపు చప్పుళ్లను సైతం వాటిలో వినిపించాడు. పారిస్‌లో పియేర్ అతేన్యాన్ 1528 నుంచే ఇటువంటి పాటలను స్వరాలతో అచ్చువేశాడు. అందుచేత అవి నేటికీ దొరుకుతున్నాయి.

క్షేత్రయ్యకు ఆ భాగ్యం లేదు. ఆయన రచించినవి నాలుగు వేలకు పైగా అని ఆయన పదమొకటే లెక్క చెబుతున్నది. మనకు దక్కినవి నాలుగు వందలకు లోపే. ఆ కొన్నింటినీ కాపాడినవారు దేవదాసీలు, కూచిపూడి భాగవతులు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థను చట్టం నిషేధించింది. పాటను మాత్రం వీణ ధనమ్మాళ్ కుటుంబం విడువలేదు. ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త పాడారు. మరొక మనుమరాలు బాలసరస్వతి అభినయించింది. వారి ఇంటి భాష తమిళం. విస్సా అప్పారావు గారి వంటి పండితులు తరువాత పదాలను సేకరించి అచ్చువేయించారు.

మన సూర్ రేవులో ఓడలు కట్టిన మేస్త్రీలు కూడా కాగితం మీద నక్షా లేకుండానే, పెద్దల చేతిపని చూచి నేర్చుకొన్నారు. 1951లో ఇక్కడ కట్టిన ఫతహ్ అల్ ఖైర్ నేటికీ ఒడ్డున నిలిచి ఉన్నది. క్షేత్రయ్య పదమూ అట్లాగే ఒకరినుంచి ఒకరికి అందింది.

తెలుగు ఇంటి భాష కానివారు నేర్చి నిలిపిన పాట అది. సాయంకాలపు తరగతిలో అక్షరాలు దిద్దుకొన్న మూడవ తరం వాళ్లం మనం నేర్వలేమా? మన పిల్లలు ఒక్క పదమైనా అర్థం తెలిసి కంఠస్థం చేస్తే, మిగిలిన ఆ నాలుగు వందలలో ఒకటి మన ఇంట పదిలంగా ఉంటుంది.