750కి 282: అంబేడ్కర్ చదువు ఎలా సాగింది

మెట్రిక్యులేషన్‌లో అంబేడ్కర్‌కు వచ్చిన మార్కులు 750కి 282. ఈ అంకె మన సభల్లో పెద్దగా వినపడదు. డిగ్రీల జాబితాలు, భాషల లెక్కలు మాత్రం ఫ్లెక్సీల మీద ఏటా పెరుగుతుంటాయి. సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయి హాస్టల్ గదిలో తలుపేసుకుని కూర్చున్న తమ్ముడికో చెల్లెలికో ఆ జాబితాల కంటే ఈ 282 ఎక్కువ పనికొస్తుంది. అది 1907 సంగతి. అంటరాని కులం పిల్లవాడు మెట్రిక్ పాసవడమే అంత అరుదు కాబట్టి, ఆ మార్కులకే బొంబాయిలో సన్మాన సభ పెట్టారు.

ఆ మార్కుల వెనక ఒక గది ఉంది. పరేల్‌లో, మిల్లు కార్మికుల చాల్‌లో కుటుంబమంతటికీ అదొక్కటే. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. తండ్రి రామ్‌జీ సక్పాల్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తను మేలుకుని ఉండి, రాత్రి రెండు గంటలకు లేపేవాడు. పిల్లవాడు దీపం ముందు కూర్చుంటే, ఖాళీ అయిన ఆ చోట్లో తండ్రి నడుం వాల్చేవాడు. స్థలం లేకపోతే వేళను పంచుకున్నారన్నమాట. సాయంత్రాలు భీమ్‌రావ్ చర్నీ రోడ్ పార్కులో చదువుకునేవాడు. కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడి కంట పడింది అక్కడే. తర్వాత బరోడా మహారాజు దగ్గర స్కాలర్‌షిప్‌కు దారి చూపింది ఆయనే. బడిలో సంస్కృతం చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకున్నాడు. సంస్కృతాన్ని పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాడు.

1913 ఫిబ్రవరిలో తండ్రి పోయారు. ఆ జులైలోనే అంబేడ్కర్ న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో చేరారు. నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్, మూడేళ్ళ గడువు. ఆ డబ్బులోంచే ఇంటికీ పంపాలి. డిగ్రీకి ఎంత కావాలో అంతే చదివి సరిపెట్టుకోలేదు. అర్థశాస్త్రంలో 29 కోర్సులు, చరిత్రలో 11, సోషియాలజీలో 6, తత్వశాస్త్రంలో 5, ఆంత్రోపాలజీలో 4 తీసుకున్నారు. అసలు సబ్జెక్టు ఒకటే, దాని చుట్టూ కులాన్ని అర్థం చేసుకోడానికి కావలసినవన్నీ పేర్చుకున్నారు. 1916 మే నెలలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో చదివిన కులాల పుట్టుక వ్యాసం ఆ పేర్పులోంచి వచ్చిందే. పాత పుస్తకాల షాపులు తిరిగి సుమారు రెండు వేల పుస్తకాలు పోగేశారు. వాటిని ఇంటికి చేర్చమని అప్పగిస్తే చాలావరకు దారిలోనే పోయాయి.

1916 అక్టోబర్‌లో లండన్ వచ్చి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, లాయరు చదువు కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. ఏడాది తిరగకముందే స్కాలర్‌షిప్ గడువు అయిపోయిందని బరోడా నుంచి కబురు. ఫెలోషిప్ ఆగిపోవడమంటే ఏమిటో మన యూనివర్సిటీల పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఆ సమయంలో చేసిన పని గుర్తుపెట్టుకోదగ్గది. చదువు ఆపేసి ఊరికే వచ్చేయలేదు. 1917 అక్టోబర్ నుంచి నాలుగేళ్ళలోపు తిరిగొచ్చి కొనసాగించేలా యూనివర్సిటీ నుంచి అనుమతి తీసుకుని బయల్దేరారు. వేరే ఓడలో పంపిన సామాను టార్పెడో దెబ్బకు సముద్రంలో కలిసింది. దాంతో పుస్తకాలు రెండోసారి పోయాయి.

బరోడాలో జరిగింది చాలామందికి తెలుసు. ఆఫీసులో ఫైళ్ళు దూరం నుంచి విసిరారు. పార్సీ సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. అమెరికాలో చదివొచ్చిన మనిషికి ఆ ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. బొంబాయి తిరిగొచ్చి, 1918 నవంబర్‌లో సిడెన్‌హామ్ కాలేజీలో నెలకు 450 రూపాయల జీతంతో ప్రొఫెసర్‌గా చేరారు. అక్కడా స్టాఫ్ కుండలో నీళ్ళు తాగొద్దన్నారు. ఆయన లెక్క మాత్రం లండన్ గడువు మీదే ఉంది. జీతంలో మిగిల్చుకున్నది, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, పాత రూమ్మేట్ నవల్ భథేనా ఇచ్చిన అయిదు వేల అప్పు. ఈ మూడూ కలిపి 1920 జులైలో మళ్ళీ ఓడెక్కారు. నాలుగేళ్ళ గడువులో ఇంకా ఏడాది పైన ఉంది. ఆ జనవరిలోనే మూక్‌నాయక్ పత్రిక కూడా మొదలుపెట్టారు.

లండన్‌లో పొద్దున్నే బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి వెళ్ళి, మూసేదాకా అక్కడే ఉండేవారు. జేబుల నిండా నోట్సు రాసిన కాగితాలు. మధ్యాహ్నం భోజనం లేదు. రాత్రి గదిలో కాల్చుకున్న అప్పడాలూ పాలూ, మళ్ళీ పుస్తకం. దీన్ని ఆదర్శంగా చూపించి మెస్ బిల్లు అడిగిన పిల్లల నోరు మూయించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. డబ్బు లేక తిండి మానేశారు, తిండి మానేస్తే చదువు వస్తుందని కాదు. అందులో నేర్చుకోదగ్గది వేరే ఉంది. ప్రతి రోజుకూ ఒక చోటు, ఒక వేళ స్థిరంగా పెట్టుకున్నారు. చదివినది వెంటనే కాగితం మీదకు ఎక్కించుకున్నారు.

1921లో ఎంఎస్సీ వచ్చింది, 1922లో బారిస్టరయ్యారు. ఆ అక్టోబర్‌లో సమర్పించిన రూపాయి సమస్య థీసిస్‌ను పరీక్షకులు ఒప్పుకోలేదు. బ్రిటిష్ పాలన మీద విమర్శ ఘాటుగా ఉందనీ, తిరగరాయమనీ అన్నారు. చేతిలో డబ్బు అయిపోయి 1923 ఏప్రిల్‌లో బొంబాయి వచ్చేసి, అక్కడ కూర్చుని తిరగరాశారు. మాట తీరు మార్చారు గానీ నిర్ధారణలు మార్చలేదు. ఆ ఏడాది చివర్లో డీఎస్సీ వచ్చింది. కొలంబియా పీహెచ్‌డీ అయితే ఇంకా ఆలస్యం. అచ్చువేసిన ప్రతులు ఇస్తేనే డిగ్రీ అని నియమం. పుస్తకం 1925లో అచ్చయింది, డిగ్రీ 1927లో చేతికొచ్చింది. న్యూయార్క్ వదిలి అప్పటికి పదకొండేళ్ళు.

ఆ ఏళ్ళన్నీ పరేల్ చాల్‌లో ఇల్లు ఈడ్చింది రమాబాయి. అయిదుగురు పిల్లల్లో నలుగురు పసితనంలోనే పోయారు. ఆయన టైమ్‌టేబుల్‌లో ఆమె పేరు ఉండదు, ఆ చదువు ఖర్చులో సగం ఆమె కట్టిందే. 1935 మే నెలలో ఆమె పోయింది. పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని అంబేడ్కర్ ఆమెకే అంకితమిచ్చారు.

1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, మరుసటేడు బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు, పగలు ఉద్యోగానికి వెళ్ళే పిల్లలు చదువు మానుకోకుండా అక్కడ తరగతులు పొద్దున్నే పెట్టారు.