యంత్రశిల్పి జేమ్సు నాస్మిత్

మన అరకు కొండలు దిగి మైదానమునకు పోయినచో వరాహానది యొడ్డున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి పనివారు అంకుడు కఱ్ఱను తరిమెనకు, అనగా లేతు యంత్రమునకు, బిగించి త్రిప్పుచు, ఉలితో చెక్కి, లక్కరంగులద్ది బొంగరములును బొమ్మలును చేయుదురు. వారి పనిని చూచిన బాలురకు ఒక సంగతి వెంటనే తోచును. తరిమెనపై తిరిగిన వస్తువు గుండ్రనగును. చదునైన పలకలు కావలయునన్న రంపమో, చిత్రికయో, ఆకురాయియో పట్టవలసినదే. ఈ కట్టుబాటును ఒక యువకుడు ఎట్లు దాటెనో తెలిసికొందము.

జేమ్సు నాస్మిత్ 1808వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు పేరుపొందిన చిత్రకారుడు. ఆయన యింట చిన్న పనిగదియు, అందు కాలితో త్రొక్కి నడపు లేతు యంత్రమును ఉండెను. బడిలో జేమ్సు గొప్ప విద్యార్థి యనిపించుకొనలేదు. కాని ఆ యంత్రముపై అతడు చేసిన బొంగరములకు తోడి బాలురు ఎగబడుచుండిరి. కొంత పెద్దవాడైన పిమ్మట తన పడకగదిలోని పొయ్యినే కొలిమిగా మార్చి, క్రింది గదిలో నిద్రించు తండ్రికి చప్పుడు వినబడకుండ రాత్రులందు ఇత్తడి పోతపోసి, చిన్న ఆవిరి యంత్రముల నమూనాలు తయారుచేసెను.

ఆ కాలమున లండనులో హెన్రీ మాడ్స్లే యనువాని కర్మాగారము సర్వోత్తమమని ప్రసిద్ధి. అచ్చట పని నేర్వవలెనని జేమ్సు కోరిక. 1829లో తండ్రితో కూడ లండనుకు పోయెను. అయితే మాడ్స్లే, రుసుము చెల్లించు శిష్యులవలన చిక్కులుపడి, అట్టివారిని ఇక చేర్చుకొనరాదని నిశ్చయించియుండెను. తండ్రికి అంత రుసుమిచ్చు శక్తియు లేదు. ఇరువది యేండ్ల యువకుని ఆశ ఒక్క క్షణములో అడుగంటెను. కర్మాగారమును చూచుచు పొయ్యిల యొద్దకు వచ్చినప్పుడు, బూడిద ఎత్తు పనియైనను ఇచ్చిన చాలునని అతడు వేడుకొనెను. ఆ మాట మాడ్స్లే హృదయమును తాకెను. తరువాత జేమ్సు తెచ్చిన నమూనాను, పటములను చూచి, అతనిని తన సొంత పనిగదిలో సహాయకునిగా నియమించెను.

జీతము వారమునకు 10 షిల్లింగులు. తండ్రికి భారము కారాదని జేమ్సు పట్టుదల. నూనెదీపముపై మెల్లగా ఉడుకు వంటపాత్రను తానే రూపొందించుకొని, ఉదయము దీపము వెలిగించి పనికిపోయి, సాయంకాలము వచ్చి భుజించుచుండెను.

అప్పుడే 200 అశ్వశక్తుల ఓడ యంత్రమునకు చిన్న నమూనా చేయు పని వచ్చెను. దానికి ఆరు పలకల చిన్న నట్టులు అనేకము కావలసెను. ప్రతి నట్టు అడుగున గుండ్రని అంచు ఉండుటచే ఆకురాయి స్వేచ్ఛగా నడువదు. చేతితో రాచినచో ఒకటి యున్నట్లు మరియొకటి యుండదు. జేమ్సు క్రొత్త యంత్రము కావలెనని అడుగలేదు. ఎదుటనున్న లేతునే పరికించెను. సాధారణముగా అందు వస్తువు తిరుగును, ఉలి నిలుచును. అతడు దీనిని తారుమారు చేసెను. తిరుగు ఇరుసునకు పండ్లుగల గుండ్రని కోతచక్రమును తగిలించెను. నట్టును ఎదుటి జారుడు పీటపై బిగించెను. ఆ పీట మర త్రిప్పిన కొలది తిన్నగా జరుగును. ఆరు భాగములు గుర్తించిన బిళ్ళ యొకటి నట్టుతో కూడ కదలును. ఒక పలక కోసిన తరువాత బిళ్ళను ఒక భాగము త్రిప్పి ఆపిన, రెండవ పలక కోతకు సిద్ధము. ఆరు మారులు త్రిప్పగా ఆరు పలకలును సమానముగా వచ్చెను. మాడ్స్లే మిక్కిలి సంతోషించెను. ఇట్లు తిరుగు పండ్లతో కోయు పనిని మిల్లింగు అందురు. అమెరికాలోని తుపాకుల కర్మాగారములందును ఆ కాలముననే ఇట్టి యంత్రములు రూపొందుచుండెను.

కఱ్ఱపనికిని సూత్రమిదియే. అయితే విద్యార్థులు ఒక హెచ్చరిక గమనింపవలెను. తిరుగు కోతచక్రము ఎదుటికి చెక్కను చేతితో పట్టి త్రోయరాదు. గాడిలో జరుగు బల్లపై దానిని గట్టిగా బిగించి, పండ్లు తిరుగు దిశకు ఎదురుగా, కొంచెము కొంచెముగా జరుపవలెను. ఉపాధ్యాయుడు దగ్గర నుండవలెను.

1831లో మాడ్స్లే మరణించెను. నాస్మిత్ 1836లో మాంచెస్టరు సమీపమున పాట్రిక్రాఫ్టులో సొంత కర్మాగారము నెలకొల్పెను. 1839లో ఒక మహానౌకకు కావలసిన ఇరుసును సాగగొట్టగల సమ్మెట ఎచ్చటను లేదని తెలిసి, ఆవిరి సమ్మెట పటమును గీసెను. ఓడవారు ఆ ఇరుసును మానుకొనిరి. మూడేండ్లకు అతడు ఫ్రాన్సులోని ఒక కర్మాగారమునకు పోగా, తన పటమునుబట్టి చేసిన సమ్మెట అచ్చట పనిచేయుచుండెను! వెంటనే 1842లో హక్కుపత్రము పొందెను. 48 సంవత్సరముల వయస్సున వ్యాపారము విడిచి చంద్రమండల పరిశీలనకు పూనుకొని, 1874లో జేమ్సు కార్పెంటరుతో కలిసి చంద్రునిపై గ్రంథము ప్రకటించెను. 1890 మే 7వ తేదీన లండనులో మరణించెను.

బాలబాలికలారా, తగిన పనిముట్టు లేదని పని మానుకొనునప్పుడు ఈ యువకుని తలచుకొనుడు. బొంగరములు చేసిన యంత్రమే అతని చేతిలో పలకలు కోసెను. మీ యొద్దనున్న దానిని ముందు బాగుగా పరికింపుడు.