సుసాన్ లా ఫ్లెష్ పికాట్

సుసాన్ లా ఫ్లెష్ పికాట్ (జూన్ 17, 1865 - సెప్టెంబరు 18, 1915) అమెరికా ఆదివాసులలో వైద్య పట్టా పొందిన తొలి మహిళ. ఈమె నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా తెగ నాయకుడు జోసెఫ్ లా ఫ్లెష్ కుమార్తె.

బాల్యంలో ఈమె జబ్బుపడిన ఒక ఒమాహా వృద్ధురాలి చెంత రాత్రంతా కూర్చున్నది. తెల్లజాతి వైద్యునికి పలుమార్లు కబురు పంపినా అతడు రాలేదు. తెల్లవారేసరికి ఆ వృద్ధురాలు మరణించినది. వైద్యురాలు కావలెనన్న సంకల్పం ఈమెకు అప్పుడే కలిగినది. 1889లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో తన తరగతికే ప్రథమురాలిగా ఉత్తీర్ణురాలై స్వస్థలానికి తిరిగి వచ్చినది.

అక్కడ 1,200 మందికి పైగా ఉన్న ఒమాహాలకు ప్రభుత్వ వైద్యురాలిగా ఈమె ఒక్కతే దిక్కు. జీతం ఏడాదికి 500 డాలర్లు. ఆ శ్రమకు ఇది మిక్కిలి స్వల్పమనే చెప్పవలెను. ఇళ్ళు మైళ్ళ దూరాన విసిరేసినట్లు ఉండుటచే, శీతకాలపు మంచులో సైతం గుర్రంపైనా బండిలోనూ తిరిగి క్షయ, ఇన్‌ఫ్లుయెంజా రోగులను చూసేది. చివరకు తన ఆరోగ్యమే చెడి 1893లో ఉద్యోగానికి రాజీనామా చేసినది, వైద్యం మాత్రం మానలేదు. 1894లో హెన్రీ పికాట్‌ను వివాహమాడినది. వీరికి ఇద్దరు కుమారులు. క్షయ వ్యాపిస్తుందని, అందరూ ఒకే పాత్రతో నీరు త్రాగే అలవాటుకు వ్యతిరేకంగా ప్రచారం చేసినది.

ప్రభుత్వ ధనంతో నిమిత్తం లేకుండా, విరాళాలు సమకూర్చి 1913లో వాల్ట్‌హిల్‌లో ఆసుపత్రి తెరిపించినది. అందులో ఆదివాసులతో పాటు తెల్లవారికీ చికిత్స జరిగేది. మరి రెండేళ్ళకే ఈమె ఎముక క్యాన్సరుతో మరణించినది. ఆ ఆసుపత్రి భవనం 1993లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందినది.