సంతకానికి ముందు పట్టాభిని చదవండి

కోచింగ్ క్లాసు అయ్యాక మీరు హాస్టల్‌కి నడిచే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు ఎక్కడిదాకా పోతుందో తెలుసా? అది 65వ నంబరు జాతీయ రహదారి. చైతన్యపురి, ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగా సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నంలో ఆగుతుంది. వందేళ్ల కిందట ఆ ఊళ్లో ఒక డాక్టరు ప్రాక్టీసు మానేసి బ్యాంకు పెట్టారు. మీరు బ్యాంకింగ్ అవేర్‌నెస్‌ కోసం బట్టీ పట్టే ఆంధ్రా బ్యాంకు అదే. ఆ డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య.

1923లో స్థాపన, 1980లో జాతీయం, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనం. పరీక్షలో ఒక మార్కుకు ఇంతే చాలు. కానీ రేపు మీ ఎంఎస్ కోసం నాన్న ఇంటి కాగితాలు బ్యాంకుకు ఇచ్చేటప్పుడు, లేదా ఉద్యోగం వచ్చిన రెండేళ్లకే మీరు ఫ్లాటు కొనేటప్పుడు, ఆయన జీవితం ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

డాక్టరు నుంచి బ్యాంకరుగా..

పట్టాభి 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత వైద్య విద్య పూర్తిచేసి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. దాదాపు పదేళ్లకే దాన్ని వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చేశారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టినవాళ్లలో ఆయనా ఒకరు.

అప్పట్లో పల్లెల్లో రైతుకు పెద్ద జబ్బు అప్పు. విత్తనాలకీ, పెళ్లికీ, పాత బాకీకీ అన్నిటికీ షావుకారే దిక్కు. పొలం తాకట్టు పెట్టి ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేస్తే, అందులో ఏం రాసుందో వేసినవాడికి తెలిసేది కాదు. రెండు పంటలు పోతే వడ్డీ అసలును మించేది. ఆ తర్వాత పొలమే పోయేది.

పట్టాభి దీనికి ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. సంస్థలు పెట్టారు.

ఒక్కో అవసరానికి ఒక్కో సంస్థ

ఆయన పెట్టినవాటిని వరసగా చూడండి. 1915లో కృష్ణా కోఆపరేటివ్ సెంట్రల్ బ్యాంకు. 1923లో ఆంధ్రా బ్యాంకు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. 1927లో కృష్ణా జిల్లా వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు. 1929లో భారతలక్ష్మీ బ్యాంకు. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్.

ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న పని మొదలుపెట్టింది. ఆ మధ్యలోనే ఆయనకు 43 ఏళ్లు నిండాయి. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలే.

ఇన్ని సంస్థలు ఎందుకు? సహకార బ్యాంకు డబ్బు పంట పెట్టుబడి లాంటి చిన్న కాలం అవసరాలకు. వాణిజ్య బ్యాంకుది వ్యాపారుల లావాదేవీల పని. బాగా పేరుకుపోయిన పాత బాకీ తీర్చడానికో, పొలం బాగుచేసుకోవడానికో కావాల్సింది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కట్టే అప్పు. దాన్ని ఇచ్చేందుకే భూమి తనఖా బ్యాంకు. ఇంటి పెద్ద పోతే కుటుంబం రోడ్డున పడకుండా బీమా. అంటే ఏ పనికి ఏ అప్పు, ఎంత కాలానికి అన్న లెక్క ముందు కుదరాలి. పంట అప్పును పెళ్లికి వాడినా, ఇరవై ఏళ్ల అవసరానికి ఏడాది అప్పు తెచ్చినా మునగడం ఖాయం. మీ పర్సనల్ లోన్ యాప్‌కీ, క్రెడిట్ కార్డుకీ ఇదే వర్తిస్తుంది. ఫ్లాటు డౌన్‌పేమెంటును పర్సనల్ లోన్‌తో కట్టేవాళ్లు మొదట మరిచిపోయే పాఠం ఇదే.

తెలుగులోనే లెక్క

పట్టాభికి ఇంకో పట్టుదల ఉండేది. తాను పెట్టిన సంస్థల్లో ఉత్తర ప్రత్యుత్తరాలు తెలుగులో జరగాలనేవారు. కవర్ల మీద చిరునామాలు కూడా తెలుగులోనే రాసేవారు. తపాలా శాఖ అభ్యంతరం చెప్పినా మానలేదు.

ఇది భాషాభిమానం మాత్రమే అనుకోకండి. డబ్బు కట్టే మనిషికి ఆ కాగితం అర్థం కావడమే అతనికి మొదటి రక్షణ. ఈ సంగతి మన నిబంధనల్లో స్పష్టంగా కనపడటానికి చాలా కాలం పట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలన్నిటికీ బ్యాంకులు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత భారమో, అంటే ఏపీఆర్, అందులో ఉండాలి. అది రుణం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. వివరించి చెప్పి, అర్థమైందని మీ సంతకం తీసుకోవాలి. అందులో లేని ఫీజును మీ అనుమతి లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. కాబట్టి అమ్మానాన్నలు సంతకం పెట్టాల్సి వస్తే తెలుగు ప్రతి అడగండి. మొహమాటపడొద్దు.

ఓటమి తర్వాత కూడా

1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో పట్టాభి 1,377 ఓట్లు తెచ్చుకుని, 1,580 ఓట్లు వచ్చిన సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు. చాలామందికి ఆయన గురించి ఇదొక్కటే గుర్తు. కానీ కథ అక్కడ ఆగలేదు. క్విట్ ఇండియా రోజుల్లో నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు జైల్లో ఉన్నారు. 1948లో మళ్లీ పోటీచేసి పురుషోత్తమ దాస్ టాండన్ మీద గెలిచారు. 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. సైఫాబాద్‌లో ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు మీ లెక్క

ఎల్బీనగర్ చుట్టుపక్కల ఫ్లాటు కోసం 40 లక్షల అప్పు అనుకోండి. వడ్డీ 8.5 శాతం. 20 ఏళ్లకైతే ఈఎంఐ సుమారు 34,700. మొత్తం వడ్డీ 43 లక్షల పైచిలుకు. అదే 30 ఏళ్లకు పెడితే ఈఎంఐ దాదాపు 4 వేలు తగ్గుతుంది. వడ్డీ మాత్రం 70 లక్షలు దాటుతుంది. నెలకు 4 వేల సుఖానికి 27 లక్షలు అదనం! ఈ లెక్క ఏజెంటు చెప్పడు, మీరే వేసుకోవాలి.

ఇంకొన్ని గుర్తుపెట్టుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి రుణాన్ని వ్యక్తులు ముందే తీర్చేస్తే జరిమానా లేదు. వడ్డీ పెరిగితే ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పొడిగించుకోవాలా అన్నది అడిగే హక్కు మీకుంది. అప్పంతా తీరాక 30 రోజుల్లో ఇంటి అసలు కాగితాలు తిరిగివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయలు మీకు చెల్లించాలి.

రెండో వైపు కూడా చూడండి. వాయిదాలు 90 రోజులు దాటి ఆగిపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఇంటిని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. విద్యారుణానికి తనఖా పెట్టిన ఇంటికీ ఇది వర్తిస్తుంది. అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే ఇక్కడ నోటీసు వచ్చేది నాన్న పేరు మీదే. అందుకే నోటీసు వస్తే దాచిపెట్టొద్దు. రాతపూర్వకంగా అభ్యంతరం ఇస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. మామూలు ఫిర్యాదులకైతే ముందు బ్యాంకుకే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

మీలో కొందరు రేపు పీఓలుగా, క్లర్కులుగా కౌంటర్‌కు అవతల కూర్చుంటారు. టార్గెట్ల ఒత్తిడి ఉంటుంది. పొలం కాగితమో, ఇంటి కాగితమో పట్టుకుని వచ్చిన మనిషి మీ ముఖం చూసి సంతకం పెట్టేస్తాడు. ఆ సంతకానికి ముందు అయిదు నిమిషాలు ఆగి, అతని భాషలో వడ్డీ ఎంతో, కాలం ఎంతో, కట్టకపోతే ఏమవుతుందో చెప్పండి. పట్టాభి బ్యాంకు పెట్టింది ఆ మనిషి కోసమే.